మ్యాన్లీ గులాబి టోపీలతో ఈదాలంటే: నీళ్లలో ఏముంటాయి, దేనికి భయపడాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా విషయం తెలుస్తుంది. సిడ్నీ వచ్చి మీకు ఏడాదిన్నర అయింది. పూల్‌లో ఆగకుండా కిలోమీటరు ఈదగలరు. మ్యాన్లీ బీచ్‌లో పొద్దున్నే గులాబి టోపీలు పెట్టుకుని సముద్రంలోకి దిగే జనాన్ని చూశారు, వాళ్లతో వెళ్లాలని మనసు లాగుతోంది. ఇంట్లో మీ ఆయనేమో "షార్కులున్న నీళ్లలోకి నువ్వెళ్లడమేంటి" అంటున్నారు. నిజంగా షార్కులుంటాయా, ఇంకా ఏమేం ఉంటాయి, ఎలా మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

ఉంటాయండీ. ముందు ఆ మాట అనేస్తే ఒక పనైపోతుంది. పదకొండేళ్లుగా వారానికి మూడు నాలుగు రోజులు అదే నీళ్లలో ఈదుతున్నాను. ఎండాకాలం చివర్లో, అంటే ఇక్కడ ఫిబ్రవరి, మార్చిలో, సొరచేప కనబడకుండా వారం గడిచిందంటే మాలో మేము "ఏమయ్యాయి ఇవి" అని అడుగుతాం. కానీ మీ ఆయన మనసులో ఉన్న షార్కు వేరు, నా కింద నుంచి పోయే షార్కు వేరు. ఆ తేడా నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. ఇంకోటి అర్థమవడానికి అంతకంటే ఎక్కువే పట్టింది: అక్కడ భయపడాల్సింది జంతువులకి కాదు, నీళ్లకి. కింద రాసేదంతా ఈ రెండు ముక్కల గురించే.

ఆ గుంపు పేరు బోల్డ్ అండ్ బ్యూటిఫుల్. 2008లో కొద్దిమందితో మొదలైంది. ఇప్పుడు ఏడాది పొడుగునా రోజూ ఉదయం 7 గంటలకి మ్యాన్లీ బీచ్ దక్షిణం కొసన సర్ఫ్ క్లబ్ ముందు చేరతారు. అక్కడి నుంచి ఫెయిరీ బోవర్ రాళ్ల పక్కగా షెల్లీ బీచ్ దాకా ఈది, మళ్లీ వెనక్కి. రానూపోనూ దాదాపు కిలోమీటరున్నర. ఫీజు లేదు, పోటీ లేదు, ముందొచ్చినవాళ్లకి చప్పట్లూ లేవు. శనాదివారాల్లో వందల మంది ఉంటారు. డెబ్భై దాటినవాళ్లుంటారు, కాలేజీ పిల్లలుంటారు, ఆఫీసుకి పోయేముందు ఫెర్రీ టైమ్ చూసుకుంటూ ఈదేవాళ్లుంటారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ చీరకట్టు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇప్పుడు మనవాళ్లు అరడజను మందిమి ఉన్నాం.

ఒక పిట్టకథ చెప్పి ముందుకెళ్తాను. ఒకప్పుడు ఈ మ్యాన్లీలోనే పట్టపగలు సముద్రస్నానం చేయడం నేరం. 1902లో విలియం గోచర్ అనే స్థానిక పత్రికాయన, ముందే పేపర్లో ప్రకటించి మరీ, పగటిపూట నీళ్లలోకి దిగాడు. ఆ తర్వాతి ఏడాదికి ఆ ఆంక్ష పోయింది. ఇది మా అమ్మకి ఫోన్లో చెప్తే ఆవిడ గోచర్ పక్షం వహించలేదు. "రావిచెట్టుని శనివారం తప్ప ముట్టుకోకూడదు, సముద్రాన్ని పర్వదినం తప్ప ముట్టుకోకూడదు. నువ్వు రోజూ దిగుతావా?" అంది. మాది భీమిలి పక్కన ఊరు. ఇంటి మేడ ఎక్కితే సముద్రం కనిపించేది. పెళ్లయ్యేదాకా నేను మోకాలి లోతు దాటి దిగింది లేదు. మాఘపౌర్ణమికి దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకోవడమే మా సముద్రస్నానం. ఈత నేర్చుకున్నది ఇక్కడికి వచ్చాక, 41వ ఏట, మునిసిపాలిటీ పూల్‌లో, నా కూతురి వయసున్న టీచర్ దగ్గర. కాబట్టి "మీకు చిన్నప్పటి నుంచి అలవాటేమో" అనుకోకండి.

ఇక నీళ్లలో ఏముంటాయో చెప్తాను. ఆ దారిలో సగానికి పైగా క్యాబేజ్ ట్రీ బే అనే సముద్ర రక్షిత ప్రాంతంలో ఉంటుంది. 2002 నుంచి అక్కడ గాలం వేయకూడదు, బల్లెంతో కొట్టకూడదు, ఏదీ ఏరుకోకూడదు. విస్తీర్ణం చూస్తే ఎంతో కాదు, 20 హెక్టార్లు. అంటే మన లెక్కలో యాభై ఎకరాల కయ్య. ఆ కయ్యలోనే 160 రకాలకు పైగా చేపలున్నాయని అధికారిక లెక్క. ఇరవై ఏళ్లకు పైగా తమ జోలికి ఎవరూ రాకపోవడంతో చేపలకి మనిషంటే బెదురు పోయింది. మీరు వెళ్తుంటే పక్కకి తప్పుకుంటాయి, అంతే. రద్దీ బజార్లో మనుషులు తప్పుకున్నట్టు.

"ఏరుకోకూడదు" అంటే ఖాళీ గవ్వలు కూడా ఏరకూడదని. పేరేమో షెల్లీ బీచ్, అంటే గవ్వల బీచ్. మా అత్తగారు వచ్చినప్పుడు గంటసేపట్లో కొంగు నిండా గవ్వలు పోగుచేశారు, దేవుడి దగ్గర పెట్టడానికట. అవి ఇక్కడ తీసుకోకూడదత్తయ్యా అంటే "చచ్చినవాటికి కూడా చట్టమా" అన్నారు. ఆ ఖాళీ గవ్వలోకి రేపు ఒక ముంతపీత (హెర్మిట్ క్రాబ్) కాపురం వస్తుందని చెబితే మారు మాట్లాడకుండా ఒక్కొక్కటీ కింద పెట్టేశారు. ఇల్లు అనేసరికి ఆవిడకి అర్థమైంది. గవ్వల విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. నీలి వలయాల ఆక్టోపస్ అని అరచేతిలో పట్టేంత జీవి ఈ తీరంలో రాళ్ల సందుల్లో, ఖాళీ గవ్వల్లో దాక్కుంటుంది. దాని విషానికి విరుగుడు మందు లేదు. దానంతట అది మీదికి రాదు, చేత్తో పట్టుకుంటేనే. పిల్లలు గవ్వలేరి జేబులో వేసుకోకుండా చూసుకోండి. ఈదేవాళ్లకి దానితో పని పడదు.

షార్కుల దగ్గరికి వద్దాం. మీకు ఎక్కువగా కనిపించేవి డస్కీ వేలర్ అనే జాతి పిల్లలు. నీళ్లు వెచ్చగా ఉండే నెలల్లో, ముఖ్యంగా జనవరి నుంచి మే, జూన్ దాకా, ఈ చిన్న బేలో చేరతాయి. పొడవు మీటరు, మీటరుంపావు. పెద్దయితే మూడు మీటర్లు దాటే జాతే, కానీ ఆ పెద్దవి ఇక్కడికి రావు, లోతు సముద్రంలో ఉంటాయి. ఇది చిన్నపిల్లల బడి లాంటి చోటు అనుకోండి. చలి మొదలయ్యాక ఇవీ వెళ్లిపోతాయి.

నేను మొదటిసారి చూసింది ఒక మార్చి నెల ఉదయం. నీళ్లు తేటగా ఉన్నాయి, కింద ఇసుక మీద నా నీడ నాకే కనిపిస్తోంది. ఆ నీడ పక్క నుంచి ఇంకో నీడ వెళ్లింది. తల తిప్పితే బూడిద రంగు ఒళ్లు, మడతపెట్టి ఇస్త్రీ చేసినట్టు పదునైన రెక్క, ఏ తొందరా లేని తోక. వెనకాల ఇంకోటి. వాటి వెనక ఇంకో రెండు. గుండె గుభేలుమంది. గొంతులోకి ఉప్పునీళ్లు పోయి దగ్గొచ్చింది. నిలబడదామంటే కాలికి నేల అందదు. పక్కన ఈదుతున్న పెద్దావిడ తల పైకెత్తి "ఎన్ని చూశావు?" అని అడిగింది. నాలుగు అన్నాను. "నేను ఆరు చూశాను" అని మళ్లీ తల ముంచేసింది. అంతే, ఆ సంభాషణ అయిపోయింది. ఆవిడకి అది పొద్దున పాలవాడు వచ్చాడా అన్నంత మామూలు సంగతి. నేనూ తల ముంచక తప్పలేదు. అప్పటికి అవి చాలా దూరం పోయాయి. మనం వాటిని చూసేలోగా అవి మనల్ని చూసి తప్పుకుంటాయి. పదకొండేళ్లలో ఒక్కటి కూడా నా వైపు తిరిగి రాలేదు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్తే ఆవిడ భయపడలేదు సరికదా, "పాలసొరా, మామూలు సొరా?" అని అడిగింది. మా వైపు బాలింతలకి పాలుపడతాయని పాలసొర పుట్టు చేసి పెడతారు. నా కాన్పుకీ ఆవిడే చేసింది. వెల్లుల్లి, మిరియాలు వేసి పొడిపొడిగా. ఈ డస్కీలు ఆ పాలసొరకి దూరపు చుట్టాలే. మా రెండు వంశాల మధ్య కాటు జరిగిందంటే అది ఇప్పటిదాకా మా వైపు నుంచే.

మిగతా సొరల్లో వొబెగాంగ్ ఒకటి. ఒళ్లంతా పాత తివాచీలా మచ్చలు, మూతి చుట్టూ నాచులాంటి కుచ్చులు. రాతి కింద కదలకుండా పడుకుని ఉంటుంది, దగ్గరికొచ్చిన చేపని లటుక్కున మింగుతుంది. దాన్ని తొక్కినా, తోక పట్టుకుని లాగినా కరుస్తుంది, కరిస్తే ఒక పట్టాన వదలదు. పైన ఈదేవాళ్లకి దానితో ఏ ఇబ్బందీ లేదు. మునిగి కిందికి వెళ్లే సరదా ఉన్నవాళ్లు మాత్రం రాతి సందుల్లో చేతులు పెట్టకూడదు. ఇంకోటి పోర్ట్ జాక్సన్ సొర, చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొస్తుంది. పందిమూతి, కళ్ల పైన ఎత్తైన గట్లు, ఎప్పుడూ ఏదో మర్చిపోయి గుర్తుచేసుకుంటున్నట్టు ముఖం. దాని గుడ్డు చూస్తే ఎవరూ గుడ్డనుకోరు. గోధుమరంగు తోలుతో చేసిన పెద్ద మరమేకులా ఉంటుంది. ఆ మరలు రాతి సందులో బిగుసుకుంటాయి, కెరటాలకి ఊడదు. పిల్ల బయటికి రావడానికి పది నెలలు, ఏడాది పడుతుంది.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రెండు. ఒకటి బ్లూ గ్రోపర్. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చేప ఇదే. బొద్దుగా, మీటరు దాకా పొడవు, నిఖార్సైన నీలం. మా అమ్మాయి పట్టుచీర అంచులో ఉండే నీలం. పుట్టినప్పుడు అన్నీ ఆడవే, గోధుమరంగులోనే ఉంటాయి. ఒక చోటుకి ఒక నీలం మగది పెద్దరికం చేస్తుంది. అది చచ్చిపోతే అక్కడి ఆడవాటిలో పెద్దది కొన్నాళ్లలో రంగు మారి మగదైపోతుంది, ఆ పెద్దరికం తీసుకుంటుంది. మా కాఫీ కబుర్లలో దీని మీద వచ్చే జోకులు ఇక్కడ రాయలేను. ఎదుగుదల నెమ్మది కాబట్టి, ఒక్క నీలందాన్ని చంపినా ఆ చోటి సంసారం మొత్తం తలకిందులవుతుంది. 1969 నుంచే దీన్ని బల్లెంతో వేటాడటం నిషేధం. అయినా 2023 డిసెంబరు చివర్లో సిడ్నీ దక్షిణాన క్రోనుల్లా దగ్గర, ఈతగాళ్లందరూ పేరు పెట్టి పిలుచుకునే ఒక గ్రోపర్‌ని ఎవరో బల్లెంతో చంపారు. ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో "ఒక చేపకి ఇంత రభసా" అని ఎవరో రాశారు. మన ఊరి గుడి ఏనుగుని ఎవరో కాల్చేస్తే ఎలా ఉంటుందో అలా అనుకోమన్నాను.

మనుషులు నీళ్లలో ఆగితే గ్రోపర్ దగ్గరికొచ్చి చూస్తుంది. ముఖం పెద్దది, పెదాలు లావు, ముందు పళ్లు చిన్న మేకుల్లా ఉంటాయి. వాటితోనే అర్చిన్లని, ఆ ముళ్ల బంతుల్ని, పటపటా కొరుకుతుంది. దాని కోసం ఎవరైనా అర్చిన్ పగలగొట్టి పెడుతుంటే మీరు చేతులు కలపకండి. అదీ అక్కడ తప్పే.

రెండోది పెద్ద కటిల్‌ఫిష్. ప్రపంచంలోని కటిల్‌ఫిష్‌లన్నిటిలో పెద్దది ఈ ఆస్ట్రేలియా జాతే, చేతులు కాకుండా ఒళ్లే అరమీటరు దాకా పెరుగుతుంది. దీన్ని చూడాలంటే ఆగాలి. ఆపకుండా ఈదేవాళ్లు దాని మీద నుంచి పోతారు, కనిపించదు. రాతి పక్కన రాయి రంగులో ఉంటుంది. మీరు కదలకుండా తేలుతుంటే కాసేపటికి ఆ రాయిలోంచి ఒక కన్ను తేలుతుంది. కంటిపాప అడ్డంగా వంకర గీత. అప్పుడు ఒళ్లంతా రంగు కదలడం మొదలవుతుంది. వరిచేను మీద మబ్బు నీడ పోయినట్టు, తల నుంచి తోక దాకా ముదురు రంగు అలలు అలలుగా పోతుంది. చర్మం మీద బొడిపెలు లేస్తాయి, మళ్లీ సాఫవుతాయి. ముందున్న రెండు చేతులు పైకెత్తి పట్టుకుంటుంది, "అక్కడే ఆగు" అన్నట్టు. మూడు గుండెలు, నీలిరక్తం. బతికేది ఏడాది, రెండేళ్లు. చలికాలంలో జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ తర్వాత దాని లోపలి తెల్లటి పెంకు తేలుకుంటూ ఒడ్డుకొస్తుంది.

ఆ పెంకుని ఒడ్డున మొదటిసారి చూసి నేను నిలబడిపోయాను. అది నాకు తెలుసు! మా నాన్నమ్మ మూలికల డబ్బాలో ఉండేది, గోరుతో గీస్తే సుద్దలా రాలేది. పిల్లలకి చెవిలో చీము కారితే దాంతో ఏదో చేసేది. మూలికల కొట్లో సముద్రపు నురుగు అంటారు, వైద్యుడు సముద్రఫేనం అంటాడు. నురుగే గట్టిపడి అలా అవుతుందని నాన్నమ్మ చెప్పింది, నేనూ నలభై అయిదేళ్లు వచ్చేదాకా అదే నమ్మాను. (చెవిలో పోయమని ఎవరికీ చెప్పడం లేదు. చెవినొప్పయితే డాక్టర్ దగ్గరికెళ్లండి.)

టేకు చేపలు కూడా తరచూ కనిపిస్తాయి. కొన్ని భోజనాల బల్ల అంత వెడల్పు. ఇసుక కప్పుకుని పడుకుంటాయి, కాబట్టి ఒడ్డున దిగేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవండి. చప్పుడు తెలిసి అవే తప్పుకుంటాయి. ఎండాకాలం చివర్లో తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం ఉత్తరాది వెచ్చని నీళ్లతోపాటు పగడాల దిబ్బల దగ్గరి చేపపిల్లల్ని కూడా మోసుకొస్తుంది. పసుపు, నలుపు చారలవి, బొటనవేలంత. చలికాలం తట్టుకోలేక వాటిలో చాలామటుకు పోతాయి. మా గుంపులో ఒక ముసలాయన ఏప్రిల్ నుంచి వాటిని లెక్కపెడుతూ ఉంటాడు. జూన్‌కల్లా లెక్కపెట్టడం మానేస్తాడు.

ఇక నిజంగా నొప్పి పెట్టేది చెప్తాను. బ్లూబాటిల్. నీలం రంగు గాలిబుడగ, దాని కింద దారాలు. చూడటానికి జెల్లీ ఫిష్ అనిపిస్తుంది కానీ, అది ఒక జీవి కాదు, వేరువేరు పనులు పంచుకున్న చిన్నచిన్న జీవుల ఉమ్మడి కుటుంబం. సొంతంగా ఈదలేదు, గాలి ఎటు తోస్తే అటు. ఎండాకాలంలో ఈశాన్యపు గాలి రెండు రోజులు కొట్టిందంటే ఒడ్డంతా నీలంగా పరుచుకుంటాయి. నా మెడ చుట్టూ ఒకసారి చుట్టుకుంది. కాగుతున్న నూనె చిందినట్టు మంట, తర్వాత చంకల్లో బిళ్లలు కట్టి సలుపు. గంటలో తగ్గింది, మచ్చ వారం ఉంది. కుట్టినప్పుడు చేయాల్సింది ఇదీ: దారాలు తీసేసి, సముద్రపు నీళ్లతోనే కడుక్కుని, ఆ చోటిని తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీల దాకా, 20 నిమిషాలు ఉంచాలి. వేడినీళ్లు లేకపోతే ఐస్. ఇసుకతో రుద్దకూడదు. వెనిగర్ పోయకూడదు, అది ఉత్తరాన క్వీన్స్‌లాండ్ వైపు ఉండే బాక్స్ జెల్లీ ఫిష్‌కి వాడేది, దీనికి కాదు. ఊపిరి ఆడకపోయినా, మగత వచ్చినా వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయాలి.

మీ ఆయన అడిగే పెద్ద షార్కు సంగతి దాటవేయను. సిడ్నీలో 1963 తర్వాత సొర వల్ల మళ్లీ మొదటిసారి మనిషి చనిపోయింది 2022 ఫిబ్రవరిలో, లిటిల్ బే దగ్గర. 2025 సెప్టెంబరులో మ్యాన్లీకి ఉత్తరాన లాంగ్ రీఫ్ దగ్గర ఒక సర్ఫర్ చనిపోయాడు. ఆ వారం మా గుంపులో కూడా చాలామంది దిగలేదు, నేనూ దిగలేదు. ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. ఎంత ఉందన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియా తీరంలో ఏటా వందమందికి పైగా మునిగి చనిపోతున్నారు. సొర వల్ల పోయేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది. మునిగినవాళ్లలో మన దేశం నుంచి వచ్చినవాళ్ల పేర్లు కూడా వింటూనే ఉన్నాం. వాళ్లలో ఎక్కువమంది ఈదడానికి వెళ్లినవాళ్లు కాదు. ఫోటో దిగడానికి, పాదాలు తడుపుకోవడానికి వెళ్లినవాళ్లు. మీ ఆయన షార్కులకి భయపడుతూ, లైఫ్‌గార్డులు పాతే జెండాలు లేని చోట మోకాళ్ల లోతులో నిలబడి పిల్లల్ని ఆడిస్తుంటే మాత్రం గొడవపడాల్సింది మీరే.

షార్కు విషయంలో మనం చేయగలిగింది కొంత ఉంది. పెద్ద వాన పడితే దిగకూడదు. మురికినీళ్లు కలుస్తాయి కాబట్టి సముద్రపు బీచ్‌ల దగ్గర కనీసం ఒక రోజు, హార్బర్ లోపల మూడు రోజులు ఆగమని బీచ్ నీళ్ల శుభ్రత చూసే ఇక్కడి బీచ్‌వాచ్ వాళ్లే చెప్తారు. మట్టినీళ్లలో బుల్ షార్కులకి మనిషేదో చేపేదో తేడా తెలియకపోవచ్చు, అది రెండో కారణం. తెల్లారకముందు, పొద్దుగూకాక వద్దు. పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకుతున్న చోట, చిన్న చేపలు ఎగిరిపడుతున్న చోట వద్దు. ఒంటరిగా అసలే వద్దు.

ఇప్పుడు నీళ్ల సంగతి. పూల్‌లో కిలోమీటరు ఈదేవాళ్లు సముద్రంలో మూడొందల మీటర్లకే ఆయాసపడటం ఎన్నిసార్లో చూశాను. బలం చాలక కాదు. గోడ లేదు, నల్ల గీత లేదు, నేల అందదు అనే ఆలోచనే ఊపిరిని బిగదీస్తుంది. అలా అయినప్పుడు ఈత ఆపి వెల్లకిలా తిరగండి. ఉప్పునీళ్లు పూల్ కంటే బాగా తేలుస్తాయి. ఇరవై ఊపిర్లు లెక్కపెట్టండి. అది తగ్గాకే బోర్లా తిరగండి. నా మొదటి నెలలో ప్రతిసారీ ఇదే చేశాను, ఎవరూ నవ్వలేదు. రెండోది చలి. ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు 23 డిగ్రీల దాకా ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరుకి 17కి పడిపోతాయి. మనలాంటి ఉష్ణదేశం వాళ్లం చలికాలంలో మొదలుపెట్టకూడదు. మీరు జనవరి తర్వాత రండి, డస్కీలూ ఉంటాయి. మూడోది కెరటాలు. ఒడ్డున తెల్లగా విరిగే కెరటానికి ఎదురు నిలబడొద్దు, దాని కిందికి మునగండి. షెల్లీ బీచ్ పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి అక్కడ కెరటం ఉండదు. తిప్పలన్నీ మ్యాన్లీ వైపే. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూసుకుంటూ రావాలి. ఒకసారి నేను కాఫీ గురించి ఆలోచిస్తూ లేచి నిలబడ్డాను, వెనక నుంచి వచ్చిన కెరటం నన్ను బట్టలు ఉతికినట్టు తిప్పేసింది. గాగుల్స్ పోయాయి, భుజం మూడు వారాలు నొప్పి. సముద్రం నన్ను గాయపరచింది ఆ ఒక్కసారే, అదీ నడుము లోతులో.

మొదలుపెట్టే పద్ధతి చెప్తాను. ముందు రెండు మూడు శనివారాలు షెల్లీ బీచ్‌లోనే స్నార్కెల్ (ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని, ఒడ్డు దగ్గరే తేలండి. కింద ఏముందో చూడటం అలవాటైతే భయం సగం పోతుంది, ఎందుకంటే అవన్నీ రోజూ దాదాపు అదే చోట ఉంటాయి. ఏ రాయి కింద ఎవరుంటారో తెలిశాక అది సముద్రంలా ఉండదు, మన వీధిలా ఉంటుంది. ఆ తర్వాత గుంపులో పేరు నమోదు చేసుకుని, పక్కన ఈదడానికి ఒక పాతమనిషిని అడగండి. మొదటి రోజు ఒక వైపే ఈదండి. షెల్లీలో లేచి, ఒడ్డు వెంబడి ఉన్న కాలిబాట మీద నడిచి వచ్చేయండి, పది పన్నెండు నిమిషాలు. తడి పాదాలతో నడిచేవాళ్లు మీరొక్కరే ఉండరు. లైఫ్‌గార్డులు మనతో పాటు రారు, ఎవరి బాధ్యత వాళ్లదే. ఈ రోజు బాలేదు అనిపిస్తే దిగకపోవడం కూడా ఈతలో భాగమే. 7 గంటలకి నీళ్లు చూసి, తల అడ్డంగా ఊపి, తిన్నగా కాఫీకి పోయేవాళ్లు ప్రతి వారం ఉంటారు. వాళ్లే ఏళ్ల తరబడి ఈదుతున్నవాళ్లు.

మీరు అడగలేదు కానీ మనవాళ్లు ప్రతి ఒక్కరూ నన్ను చాటుగా అడిగేది బట్టల గురించి. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. మోకాళ్ల కిందిదాకా లెగ్గింగు, పొడుగుచేతుల రాష్‌వెస్ట్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేసుకోండి. ఎండకీ బ్లూబాటిల్‌కీ కూడా అదే మంచిది. నేను ఇప్పటికీ అలాగే వెళ్తాను. ముందురోజు రాత్రి తలకి నూనె పెట్టుకోకండి, టోపీ జారిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. కళ్లద్దాలు ఉంటే పవర్ గాగుల్స్ కొనుక్కోండి. లేకపోతే కటిల్‌ఫిష్ మీకు రాయిగానే మిగిలిపోతుంది.

మీ ఆయన్ని ఇంట్లో వదిలి రాకండి, వెంట తీసుకురండి. ఫ్లాస్కులో టీ, ఒక తువ్వాలు ఇచ్చి ఆ కాలిబాట మీద మీతో పాటే నడవమనండి. నీళ్లు పక్కనే, ఎంతసేపూ మీరు కనిపిస్తూనే ఉంటారు. ఒకటే చిక్కు. పైనుంచి చూస్తే గులాబి టోపీలన్నీ ఒకేలా ఉంటాయి, రెండు నిమిషాల్లో పెళ్లాం ఎవరో తెలియక కంగారు పడతారు. మొదటి ఏడాది మా ఆయన షెల్లీ దాకా వేరే ఎవరి టోపీ వెంబడో నడిచి, ఆవిడకి తువ్వాలు అందించబోయారు. ఆ మధ్యాహ్నమే నా టోపీ మీద నల్ల మార్కర్‌తో పెద్ద "అ" రాసుకున్నాను. ఉప్పునీళ్లకి వెలిసిపోతుంటే ప్రతి నవంబరులో మళ్లీ దిద్దుతాను.